ఎనిమిదింటిలో ఒకటి తప్పితే

పొద్దున తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంటుంది. నిలబడి ఉన్నంతసేపూ సాఫీగానే గుర్రుమంటుంది. ఖాళీ బండితో ఊళ్లో తిరిగితే ఏ గొడవా ఉండదు. వెనక సామాను వేసుకుని హైవే ఎక్కి, గంటకు 45 మైళ్ల వేగంలో, అంటే 70 కిలోమీటర్ల పైచిలుకులో, చిన్న ఎత్తు ఎదురైనప్పుడు మాత్రం కథ మారుతుంది. యాక్సిలరేటర్ కాస్త నొక్కగానే బండి ఒళ్లంతా వణుకుతుంది. కాలు తీస్తే వణుకు పోతుంది. మర్నాడు అదే ఎత్తు దగ్గర మళ్లీ వస్తుంది.

అమెరికాలో పాత ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కులు నడిపేవాళ్లలో చాలామందికి ఈ వణుకు తెలుసు. ఫోర్డ్ ఎఫ్ సిరీస్ ఆ దేశంలో 1977 నుంచీ అమ్మకాల్లో ముందున్న పికప్. అందులో 2004 నుంచి 2008 దాకా వచ్చిన తరానికి 5.4 లీటర్ల ట్రైటన్ వి8 ఇంజన్ పెట్టారు. సిలిండర్‌కు మూడు వాల్వుల చొప్పున ఉండే ఇంజన్ అది. ఆ బండ్లు ఇప్పటికీ రోడ్ల మీద ఉన్నాయి, వణుకూ ఉంది. చాలామంది ముందు గేర్‌బాక్స్‌ను అనుమానిస్తారు. ఆ అనుమానంలో అర్థం లేకపోలేదు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కూ ఇంజన్‌కూ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్ మామూలుగా నూనె ద్వారా శక్తిని అందిస్తుంది. బండి సుమారు 45 మైళ్ల వేగానికి వచ్చేసరికి లోపలి క్లచ్ పట్టుకుని రెండిటినీ బిగించేస్తుంది. దాంతో మధ్యలో మెత్తదనం పోతుంది, ఇంజన్ చేసే ప్రతి తడబాటూ నేరుగా చక్రాలకూ సీటుకూ తగులుతుంది. తప్పు ఇంజన్‌ది, బయటపడేది గేర్‌బాక్స్ దగ్గర. తక్కువ ధరలో తేలిపోవాల్సిన, స్పార్క్ పుట్టించే కాయిల్ కోసం గేర్‌బాక్స్ విప్పించుకున్నవాళ్లు తక్కువేమీ కాదు.

ఇంతకీ తడబడిందేమిటి? నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేలోగా ప్రతి సిలిండర్ ఒకసారి మండాలి. ఎనిమిది సిలిండర్లు కాబట్టి ప్రతి 90 డిగ్రీలకు ఒక మంట. ఈ ట్రైటన్‌లో వరస 1-3-7-2-6-5-4-8. బండి నిలబడి నిమిషానికి 600 చుట్లు తిరుగుతున్నప్పుడు సెకనుకు 40 మంటలు, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య 25 మిల్లీసెకన్లు. 2,000 చుట్ల దగ్గర ఆ వ్యవధి 7.5 మిల్లీసెకన్లకు తగ్గుతుంది. ఈ వరసలో ఒకరి వంతు వచ్చినప్పుడు మంట అంటుకోకపోతే, లేదా అంటుకున్నా సగంలో చచ్చిపోతే, దాన్ని మన మెకానిక్కులు ‘మిస్సింగ్ కొడుతోంది’ అంటారు. పుస్తకాల్లో మిస్‌ఫైర్ అని ఉంటుంది.

డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ లైటు వెలుగుతుంది. స్కానర్ తగిలిస్తే పి0303 అని కోడ్ వస్తుంది, అంటే మూడో సిలిండర్. ఇక్కడే చాలామంది కొట్టుకెళ్లి మూడో సిలిండర్‌కు కావలసిన సామాన్లన్నీ కొనుక్కొస్తారు. ఆ కోడ్ నిజానికి ఏం చెబుతోందో ఒకసారి చూడాలి.

కంప్యూటర్‌కు సిలిండర్ లోపల కన్ను లేదు. అక్కడ మంట వెలిగిందో లేదో దానికి కనబడదు. అది చూసేది క్రాంక్ షాఫ్ట్ ముందుభాగంలో ఉన్న పళ్ల చక్రాన్ని. ఆ చక్రం మీద 36 పళ్లకు చోటుంటుంది, ఒకటి మాత్రం కావాలనే వదిలేస్తారు. పన్నుకూ పన్నుకూ మధ్య 10 డిగ్రీలు. పక్కనే ఉన్న సెన్సర్ ఒక్కో పన్ను దాటడానికి ఎంత సమయం పట్టిందో కంప్యూటర్‌కు అందిస్తుంది. పన్ను లేని ఖాళీ వల్ల క్రాంక్ ఎక్కడుందో తెలుస్తుంది, క్యామ్ షాఫ్ట్ సెన్సర్ వల్ల అది రెండు చుట్లలో ఏ చుట్టో తెలుస్తుంది. సిలిండర్ మండినప్పుడల్లా క్రాంక్ కొంచెం ముందుకు దూకుతుంది, తర్వాతి మంట దాకా కొంచెం నెమ్మదిస్తుంది. మూడో సిలిండర్ వంతులో ఆ దూకుడు రాకపోతే కంప్యూటర్ ఒకటి లెక్క వేసుకుంటుంది. అంతే. స్పార్క్ పడలేదా, పెట్రోలు రాలేదా, వాల్వు మూసుకోలేదా అన్నది దానికి తెలిసే దారే లేదు. ఆ కోడ్ ఒక చోటును చూపిస్తుంది. కారణం మనం వెతుక్కోవాలి.

అమెరికాలో 1996 మోడళ్ల నుంచి ప్రతి కారులోనూ తేలికపాటి ట్రక్కులోనూ ఈ నిఘా తప్పనిసరి చేశారు. ఉద్దేశం డ్రైవర్ సుఖం కాదు, పొగ. కంప్యూటర్ రెండు రకాల లెక్కలు పెడుతుంది. క్రాంక్ 1,000 చుట్లు తిరిగేలోగా ఎన్ని మంటలు తప్పాయన్నది మొదటిది. అవి హద్దు దాటితే పొగ చెడుతుందని లైటు వెలిగిస్తుంది. 200 చుట్ల లెక్క ఇంకోటి. ఎనిమిది సిలిండర్ల ఇంజన్‌లో అంటే 800 మంటలు. అందులో మరీ ఎక్కువ తప్పితే లైటు మిణుకుమిణుకుమంటుంది. మండని పెట్రోలూ వాడని ఆక్సిజనూ కలిసి సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతాయి, లోపలున్న పింగాణీ తేనెతుట్టె కరిగిపోయేంత వేడి పుట్టవచ్చు. మిణుకుమంటున్న లైటుతో ‘ఇల్లు చేరాక చూద్దాం’ అనుకుని నలభై మైళ్లు నడిపేవాడు కాయిల్ ఖర్చుకు కన్వర్టర్ ఖర్చు జత చేసుకుంటున్నాడు.

గతుకుల రోడ్డు మీద చక్రాల కుదుపులు గేర్‌బాక్స్ గుండా వెనక్కి ప్రయాణించి క్రాంక్‌నూ కుదుపుతాయి. దాన్ని మిస్సింగ్ అనుకోకుండా కంప్యూటర్‌కు రకరకాల జాగ్రత్తలు నేర్పాల్సి వచ్చింది. మన ఊరి రోడ్ల మీద ఆ జాగ్రత్తలకు క్షణం తీరిక ఉండదని నా అనుమానం.

సరే, కారణం వెతకాలి. సామాన్ల జాబితాతో మొదలుపెట్టడం నాకు నచ్చదు. మొదట అడగాల్సింది ‘ఎప్పుడు?’ అని. మన బండి నిలబడి ఉన్నప్పుడు తప్పడం లేదు. ఎత్తు ఎక్కుతూ బరువు మీద ఉన్నప్పుడే తప్పుతోంది. ఈ ఒక్క మాట అనుమానాన్ని స్పార్క్ వైపు తిప్పుతుంది. ఎందుకో తెలియాలంటే గేరేజి వదిలి కాసేపు భౌతికశాస్త్రంలోకి వెళ్లాలి.

గాలి మామూలుగా కరెంటును పోనివ్వదు. పోనివ్వాలంటే దాన్ని బద్దలుకొట్టాలి. గాలిలో ఎప్పుడూ కొన్ని విడి ఎలక్ట్రాన్లు ఉంటాయి. వోల్టేజి వాటిని లాగుతుంది, అవి వేగం పుంజుకుని ఎదురైన అణువును గుద్దుతాయి. గుద్దే సమయానికి చాలినంత శక్తి ఉంటే ఆ అణువు నుంచి ఇంకో ఎలక్ట్రాన్ ఊడుతుంది. ఒకటి రెండై, రెండు నాలుగై, క్షణంలో లక్షలైతే అదే స్పార్క్. చాలినంత శక్తి లేకుండానే గుద్దుకుంటే ఏమీ జరగదు. జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ పాషెన్ 1889లో దీన్ని కొలిచి చూపించాడు. గాలి బద్దలవడానికి కావలసిన వోల్టేజి రెండు అంచుల మధ్య దూరం, గాలి ఒత్తిడి, ఈ రెండింటి లబ్ధం మీద ఆధారపడుతుంది. సిలిండర్లో స్పార్క్ దూకే ప్లగ్గు దగ్గర ఈ లబ్ధం పెరిగేకొద్దీ వోల్టేజీ పెరగాలి. ఇంజన్ విషయంలో ఒత్తిడి అనే కంటే సాంద్రత అనడం ఇంకా సరి. గాలి చిక్కబడితే అణువులు దగ్గర దగ్గరగా ఉంటాయి, ఎలక్ట్రాన్‌కు పరుగెత్తే చోటు తగ్గుతుంది, కాబట్టి ఇంకా గట్టిగా లాగాలి.

ఇప్పుడు సిలిండర్‌లోకి చూడండి. బండి నిలబడి ఉన్నప్పుడు థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది. ఇన్‌టేక్ మానిఫోల్డులో ఉండేది బయటి గాలి ఒత్తిడిలో సుమారు మూడో వంతే. ఎత్తు మీద కాలు నొక్కితే థ్రాటిల్ తెరుచుకుని గాలి నిండుగా లోపలికొస్తుంది. పిస్టన్ దాన్ని నొక్కాక ప్లగ్గు ముందు నిలిచే గాలి నిలబడి ఉన్నప్పటి కంటే ఎన్నో పాళ్లు చిక్కగా ఉంటుంది. ఖాళీగా తిరిగే ఇంజన్‌లో ఇట్టే దూకిన స్పార్క్, బరువు మీద అదే ఖాళీని దాటడానికి చాలా ఎక్కువ వోల్టేజి అడుగుతుంది. అందుకే షెడ్డులో బానెట్ ఎత్తి, నిలబెట్టిన బండి ఇంజన్ మీద చెవి పెట్టి ‘బాగానే ఉందే’ అనే మెకానిక్ అబద్ధం చెప్పడం లేదు. జబ్బు కనబడే పరిస్థితినే అతను కల్పించలేదు.

ఈ వోల్టేజి ఎక్కడినుంచి వస్తుంది? బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు, ఇంజన్ నడుస్తుంటే 14. ట్రైటన్‌లో ప్రతి ప్లగ్గు నెత్తిన ఒక కాయిల్ కూర్చుని ఉంటుంది. అందులో లావు తీగ చుట్టు ఒకటి, దాని కంటే దాదాపు వంద రెట్లు ఎక్కువ చుట్లున్న సన్న తీగ చుట్టు ఒకటి. లావు చుట్టులో కొన్ని మిల్లీసెకన్ల పాటు కరెంటు పారనిచ్చి, మంట పడాల్సిన క్షణంలో కంప్యూటర్ దాన్ని ఠక్కున తెంచుతుంది. బోరు మోటారు కట్టేయగానే పారుతున్న నీళ్లు ఆగలేక పైపును దభీమని గుద్దుతాయే, అలాంటిదే ఇక్కడా జరుగుతుంది. కరెంటు ఒక్కసారిగా ఆగితే అయస్కాంత క్షేత్రం కుప్పకూలుతూ తీగల్లో వోల్టేజిని ఎగదోస్తుంది. ఫారడే 1831లో కనిపెట్టిన ప్రేరణ సూత్రం ఇదే. సన్న చుట్టులో అది పదుల వేల వోల్టుల దాకా లేస్తుంది.

ఈ వోల్టేజి ఎప్పుడూ ఒకే ఎత్తుకు లేవదన్న సంగతి చాలామంది గమనించరు. ఎక్కడో ఒకచోట దారి దొరికేదాకా లేస్తూనే ఉంటుంది, దొరికిన క్షణంలో ఆగుతుంది. కొత్త ప్లగ్గులో ఆ దారి సుమారు ఒక మిల్లీమీటరు ఖాళీ గుండా ఉంటుంది. లక్ష మైళ్లు నడిచాక లోహం అరిగి ఖాళీ పెరుగుతుంది, పదునైన అంచులు గుండ్రబడతాయి. పదును పోతే విద్యుత్ క్షేత్రం ఒకచోట కూడదు. రెండు రకాలుగానూ వోల్టేజి ఎక్కువ కావాలి. దానికి ఎత్తు మీది చిక్కటి గాలి తోడైతే కాయిల్ కింద ఉన్న రబ్బరు బూటు తట్టుకోగల హద్దు దగ్గరకు చేరుతుంది. బూటులో ఎక్కడైనా సన్నని పగులుంటే, ఇంజన్ కడిగినప్పుడు ప్లగ్గు గుంటలో నీళ్లు చేరి ఉంటే, కరెంటు సిలిండర్ లోపల దూకే బదులు ప్లగ్గు పింగాణీ పక్కనుంచి జారి ఇంజన్ బాడీలోకి పోతుంది. పోయిన దారిలో మసి గీత మిగుల్చుతుంది. మసి కార్బన్, కరెంటును పోనిస్తుంది. కాబట్టి మరోసారి అదే దారి ఇంకా సులువు. అలా గీత పడిన పాత ప్లగ్గు మీద కొత్త కాయిల్ పెడితే కొన్నాళ్లకు కొత్త బూటు కూడా పాడవుతుంది. ప్లగ్గు మార్చినవాడు బూటునూ మార్చాలనడం వ్యాపారపు ఎత్తు కాదు.

అనుమానం బలంగా ఉంది. అయినా అది రుజువు కాదు. రుజువుకు ఖర్చు లేని ప్రయోగం ఒకటుంది. మూడో సిలిండర్ కాయిల్‌ను ఏ తప్పూ చూపించని ఇంకో సిలిండర్‌కు, అనుకుందాం ఒకటో దానికి మార్చాలి, దాని కాయిల్‌ను మూడో దానికి పెట్టాలి. ఈ ఇంజన్‌లో ఒకటి నుంచి నాలుగు దాకా ప్రయాణికుడి వైపు, అయిదు నుంచి ఎనిమిది దాకా డ్రైవర్ వైపు, రెండూ ముందు నుంచి వెనక్కి. ఇంకేదీ ముట్టుకోకూడదు. కోడ్ చెరిపేసి, అదే బరువుతో, అదే ఎత్తు మీద నడపాలి. తప్పు ఒకటో సిలిండర్‌కు వలస వెళితే దోషి కాయిలో దాని బూటో. మూడులోనే ఉండిపోతే కాయిల్ నిర్దోషి. ప్లగ్గును, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్‌ను, వాల్వులను చూడాలి. రెండుచోట్లా తప్పు లేకుండా పోతే సంతోషించడానికి తొందరపడకండి. వదులైన ప్లాస్టిక్ కనెక్టర్ మీ చేతి ఒత్తిడితో సర్దుకుని ఉంటుంది, మళ్లీ వస్తుంది.

ఎనిమిది కాయిళ్లూ ఎనిమిది ప్లగ్గులూ ఒకేసారి మార్చేసేవాళ్లు ఉన్నారు. వాళ్ల బండీ బాగవుతుంది. కాకపోతే బాగవకుండా మిగిలిన రోజున వాళ్ల చేతిలో ఏ ఆధారమూ ఉండదు. పైగా చవకరకం కొత్త కాయిల్ చాలాసార్లు ఇరవై ఏళ్ల అసలు కాయిల్ కంటే బలహీనంగా ఉంటుంది. మార్చినవాటిలో ఒకటి కొత్త జబ్బు తెస్తే అప్పుడు ఎవరిని అనుమానించాలి?

లైటు వెలగనంత తక్కువగా తప్పుతున్నప్పుడూ ఆధారం దొరుకుతుంది. స్కానర్‌లో మోడ్ 6 అనే పేజీ ఒకటుంది. చాలామంది తెరవరు, తెరిస్తే అంకెలు చూసి భయపడి మూసేస్తారు. ప్రతి సిలిండర్‌కూ ఈ ప్రయాణంలో ఎన్నిసార్లు తప్పింది, గత పది ప్రయాణాల సగటు ఎంత అన్నది అక్కడ విడివిడిగా ఉంటుంది. ఏడు సిలిండర్లకు సున్నా, మూడో దానికి నలభై అని కనబడితే గేర్‌బాక్స్ గురించి మాట్లాడటం ఆపేయొచ్చు.

పెట్రోలు వైపు వెళితే ఒక వింత ఎదురవుతుంది. మండని సిలిండర్ పెట్రోలుతో పాటు ఆక్సిజన్‌నూ బయటికి వదిలేస్తుంది. సైలెన్సర్ దారిలోని ఆక్సిజన్ సెన్సర్ పెట్రోలును లెక్కచేయదు, మిగిలిన ఆక్సిజన్‌నే చూస్తుంది. చూసి ‘పెట్రోలు తక్కువైంది’ అని చెబుతుంది. కంప్యూటర్ నమ్మి ఆ వైపు నాలుగు సిలిండర్లకూ పెట్రోలు పెంచుతుంది. స్కానర్‌లో ఈ పెంపును చూపే ఫ్యూయల్ ట్రిమ్ అంకె ఎక్కువగా కనబడుతుంది, చూసినవాడు ఇంజెక్టర్లు మూసుకుపోయాయనుకుంటాడు. ఫలితాన్ని కారణంగా పొరబడటం అంటే ఇదే. నిజంగా గాలి లీకయితే ట్రిమ్ నిలబడి ఉన్నప్పుడు ఎక్కువగా ఉండి, ఇంజన్ వేగం పెంచితే తగ్గుతుంది. ఎక్కువ గాలి పీల్చేటప్పుడు చిన్న లీకు వాటా చిన్నదైపోతుంది. పెట్రోలు పంపు నీరసించితే తీరు దీనికి తిరగబడుతుంది, బరువు పెరిగేకొద్దీ ట్రిమ్ పెరుగుతుంది. అప్పుడు మిస్సింగ్ సాధారణంగా ఒక్క సిలిండర్‌కు పరిమితం కాదు, కోడ్ పి0300గా వస్తుంది.

1996కు ముందటి పికప్‌లలో ఈ సౌకర్యాలేవీ లేవు. డిస్ట్రిబ్యూటర్ ఒకటి, దానినుంచి ఎనిమిది లావు వైర్లు. చీకట్లో బానెట్ ఎత్తి సన్నగా నీళ్లు చిమ్మితే, వైరు తొడుగు ఎక్కడ పగిలిందో అక్కడ నీలిమెరుపు కనబడేది. షెవర్లే 350 వి8 పికప్‌లలో ఒక తమాషా ఉండేది. దాని వరస 1-8-4-3-6-5-7-2. అయిదు, ఏడు ఒకదాని వెంట ఒకటి మండుతాయి, సిలిండర్లూ పక్కపక్కనే. రెండు వైర్లూ ఒకదాన్నొకటి ఆనుకుని నడిస్తే అయిదో వైరులోని పోటు ఏడో దానిలో వోల్టేజిని ప్రేరేపించి, ఏడో సిలిండర్‌లో అదను రాకముందే మంట పెట్టేది. మందు ఏమిటంటే ఆ రెండు వైర్లనూ దూరం జరపడమే. దానికి కొత్త సామానేదీ అక్కర్లేదు.

మన దగ్గర తిరిగే పికప్ బండ్లు ఎక్కువగా డీజిల్. డీజిల్‌కు స్పార్క్ ప్లగ్గు లేదు, పాషెన్‌తో దానికి పనిలేదు. అయినా పాత పద్ధతిది ఇదే తర్కం. పాత పంపు ఇంజన్లలో మెకానిక్ నాజిల్ పైపు నట్టు ఒక్కోటీ కొంచెం వదులు చేసి వింటాడు. ఆ నట్టు వదలగానే ఇంజన్ కుంటితే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టు, ఏ మార్పూ రాకపోతే అదే సోమరి. కొత్త కామన్ రైల్ ఇంజన్ల దగ్గర మాత్రం ఆ పని చేయకూడదు. ఆ పైపులోని ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి దూరుతుంది.

స్పార్క్, పెట్రోలు రెండూ బాగుంటే మిగిలేది బిగువు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి స్టార్టర్ తిప్పితే చాలా ఇంజెక్షన్ బండ్లలో కంప్యూటర్ పెట్రోలు ఆపేస్తుంది, ఇంజన్ ఊరికే తిరుగుతుంది. ఆ తిరగడంలో ఒక వంతు తేలిగ్గా జారిపోయినట్టు వినబడితే ఆ సిలిండర్ గాలిని పట్టి ఉంచడం లేదు. లోపలికి గాలి కొట్టి చెవిపెడితే ఎటు పోతోందో తెలుస్తుంది: థ్రాటిల్ వైపు బుసకొడితే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్‌లో అయితే ఎగ్జాస్ట్ వాల్వు, నూనె మూత దగ్గర అయితే రింగులు, రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్. పొద్దున్నే చల్లటి ఇంజన్‌లో మిస్సింగ్ కొట్టి రెండు నిమిషాల్లో సర్దుకునే బండిలో ఈ చివరిదాన్ని గట్టిగా అనుమానించాలి.

మన బండిలో కాయిల్ నిర్దోషిగా తేలిందనుకుందాం. ప్లగ్గు తీయాలి. ఈ ఇంజన్ యజమానులు భయపడేది ఇక్కడే. ఆ ప్లగ్గు కింది భాగం సన్నగా పొడుగ్గా ఉండి, పై భాగానికి విడిగా బిగించి ఉంటుంది. చుట్టూ మసి పేరుకుని అల్యూమినియం హెడ్డుకు అతుక్కుపోతుంది. తొందరపడి తిప్పితే పై సగం చేతికొస్తుంది, కింది సగం లోపలే ఉండిపోతుంది. దాన్ని పీకడానికి ప్రత్యేక పనిముట్లు పుట్టుకొచ్చాయి. ఫోర్డ్ 2008లో మెకానిక్కులకు ఒక పద్ధతి రాసి పంపింది. ఇంజన్ పూర్తిగా చల్లారాలి. ప్లగ్గును ఎనిమిదో వంతు నుంచి పావు చుట్టు మాత్రమే వదులు చేయాలి. మసిని కరిగించే ద్రవం గుంటలో పోసి కనీసం 15 నిమిషాలు ఆగాలి. తర్వాత కొంచెం వెనక్కి, కొంచెం ముందుకు, ఓపికగా. దీనికి ముందొచ్చిన రెండు వాల్వుల ట్రైటన్‌లో బాధ ఇంకో రకం. హెడ్డులో మరచుట్లు మరీ తక్కువగా ఉండి, నడుస్తుండగానే ప్లగ్గు పైకి ఎగిరిపడేది. ఒకే కుటుంబంలో అన్న నిలవడు, తమ్ముడు కదలడు.

కొత్త ప్లగ్గు, కొత్త బూటు పెట్టాక బ్యాటరీ తీసి తగిలిస్తే లైటు ఆరిపోతుంది. బాగైందని డబ్బులిచ్చి వచ్చేయకండి. క్రాంక్ మీది పళ్ల చక్రం ఏదీ నూటికి నూరుపాళ్లు సమానంగా కోసి ఉండదు. ఆ తేడాలు ఎంతో కంప్యూటర్ నేర్చుకున్న లెక్క బ్యాటరీ తీయడంతో చెరిగిపోయింది. మళ్లీ నేర్చుకోవాలంటే మంటలు లేని తిరుగుడు కావాలి. బండి 60 మైళ్ల వేగం దాటాక కాలు పూర్తిగా తీసేసి, బ్రేకు తొక్కకుండా 40 దాకా జారనివ్వాలి. ఫోర్డ్ బండ్లలో సాధారణంగా ఇలా మూడుసార్లు. అప్పటిదాకా లైటు ఆరి ఉండటానికి ఏ విలువా లేదు, ఎందుకంటే కంప్యూటర్ మిస్సింగ్‌ను సరిగ్గా లెక్కించే స్థితిలోనే లేదు. మూడుసార్లు జార్చాక, వెనక సామాను వేసుకుని, 45 మైళ్ల దగ్గర ఆ ఎత్తు ఎక్కి, మోడ్ 6 పేజీ తెరిచి మూడో సిలిండర్ అంకె చూడాలి.